రెండేళ్లుగా బీరువా మీదున్న ఐస్‌వైన్ సీసా: కనుమకి తెరవొచ్చా?

గంటస్తంభం బాబు, విజయనగరం
జనవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బావ టొరంటో నుంచి వచ్చినప్పుడు సన్నగా పొడుగ్గా ఉన్న ఒక సీసా ఇచ్చాడు. 375 మి.లీ., మీద విడాల్ ఐస్‌వైన్ అని ఉంది. "మంచి రోజు చూసి తెరువు" అన్నాడు. ఆ మంచి రోజు కోసం చూస్తూ చూస్తూ రెండేళ్లు గడిచాయి. సీసా బీరువా మీదే ఉండిపోయింది. అంటే మా ఊరి రెండు వేసవులు పూర్తిగా చూసేసింది. ఇచ్చినప్పుడు లేత బంగారం రంగు. ఇప్పుడు దీపం ముందు పెట్టి చూస్తే మా నాన్నగారి అశ్వగంధారిష్టానికి దగ్గరపడింది.

బావ పండక్కి వస్తున్నాడు. సీసా ఏమైందని అడక్క మానడు. టెన్షన్ పట్టుకుంది. పాడైపోయిందంటారా? ఎలా తాగాలి, దేనితో తినాలి? ఆరుగురం ఉంటాం. అందులో నలుగురు వైన్ అంటే ఎర్రగా, వగరుగా ఉంటుందని మాత్రమే ఎరిగినవాళ్లు.

పలాస జీడి
జనవరి 9, రాత్రి 9:52

ఆరుగురికి 375 మి.లీ.యా? తలా ఒక దగ్గుమందు మూత.

నయాగరా చిన్నోడు, సొంతూరు శ్రీకాకుళం
జనవరి 9, రాత్రి 10:30

అన్నా, మీరు తమాషాగా అన్నారు గానీ ఇక్కడ కెనడాలో పోసేదీ దాదాపు అంతే. ఐస్‌వైన్ అంటే తీగమీదే గడ్డ కట్టిన ద్రాక్షని పిండి చేసే తియ్యటి వైన్. మనిషికి 50, 60 మి.లీ. మించి పొయ్యరు. ఆరుగురికి సరిగ్గా సరిపోతుంది. ఈ సీసా 375 మి.లీ.లోనో, అంతకన్నా చిన్నదైన 200 మి.లీ.లోనో వస్తుంది. 375 ధర ఇక్కడ యాభై డాలర్ల చుట్టూ ఉంటుంది.

బాబు గారూ, పాడైందో లేదో తెరిస్తే గానీ తెలియదు. ముందు మూత దగ్గర చూడండి. కార్కు పైకి తోసుకొచ్చిందా? మెడ చుట్టూ జిగటగా కారిన మరక ఉందా? రెండూ లేకపోతే ఆశ ఉంది. రంగు ముదరడం ఈ వైన్‌కి వయసుతో వచ్చేదే, వేడికి తొందరగా ముదురుతుంది. చక్కెర, పులుపు రెండూ ఎక్కువ ఉన్నది కాబట్టి మామూలు వైన్ కన్నా ఓర్చుకుంటుంది. అయినా విడాల్ అనే ద్రాక్షతో చేసినదాన్ని కొన్నేళ్లలోనే తాగెయ్యాలంటారు, రీస్లింగ్ ద్రాక్షది అయితే ఇంకా చాలాకాలం నిలుస్తుంది. ఇవాళే బీరువా మీంచి దించెయ్యండి. ఫ్రిజ్‌లో నిలబెట్టండి, అడుగున మడ్డి ఉంటే కూర్చుంటుంది.

ఇచ్చే ముందు పదిహేను నిమిషాలు బయట పెట్టండి. పది, పన్నెండు డిగ్రీల దగ్గర బావుంటుంది. మరీ చల్లగా ఉంటే వాసన రాదు, మరీ వెచ్చబడితే పాకం తాగినట్టుంటుంది.

గంటస్తంభం బాబు
జనవరి 9, రాత్రి 10:41

కార్కు కదల్లేదు, మరకలూ లేవు. దించేశాను. ఫ్రిజ్ తలుపులో పెరుగు గిన్నె పక్కన పెడితే అమ్మ అటూ ఇటూ చూసి ఏమీ అనలేదు.

అరసవల్లి వాసి
జనవరి 10, ఉదయం 6:15

సంక్రాంతి పూట అరిసెల గురించి మాట్లాడాల్సిన చోట మందు గురించా? కాలం మారిపోయింది.

మోడరేటర్
జనవరి 10, ఉదయం 8:05

రుచి గురించి మాట్లాడుకోవచ్చు. ఇంట్లో కాయడం, పులియబెట్టడం గురించి మాత్రం ఇక్కడ వద్దు. ఎక్సైజ్ వాళ్లకి పని కల్పించకండి.

బొబ్బిలి మాస్టారు
జనవరి 10, ఉదయం 9:20

నేను స్కూలు మాస్టారిని కాదు, చక్కెర ఫ్యాక్టరీ లేబొరేటరీలో కెమిస్టుగా రిటైరైనవాణ్ణి. పేరు అలా స్థిరపడిపోయింది. షుగర్ ఉంది కాబట్టి తాగను. కానీ తీపి ఎక్కడ ఎంత ఉందో కొలవడమే నా జీవితమంతా చేసిన పని, అందుకని ఒక మాట.

మనం గానుగలో ఆడే చెరుకు రసం 18 నుంచి 20 బ్రిక్స్ ఉంటుంది. అంటే నూరు గ్రాముల రసంలో అంత తీపి పదార్థం. కెనడా నియమం ప్రకారం ఐస్‌వైన్ చెయ్యడానికి పిండిన ద్రాక్షరసం కనీసం 35 బ్రిక్స్ ఉండాలి. చెరుకు రసానికి దాదాపు రెట్టింపు. మనమైతే నీరు పోగొట్టడానికి బెల్లం పెనం కింద మంట పెడతాం. వాళ్లు చలిచేత నీరు గడ్డ కట్టించి పక్కకి తీసేస్తారు. మంటతో మరిగిస్తే ద్రాక్ష వాసన పోయి పాకం వాసన వస్తుంది. చలితో చేస్తే వాసన, పులుపు కూడా తీపితోపాటే చిక్కబడతాయి. తేడా అంతా అక్కడే ఉంది.

రాజాం రాధ
జనవరి 10, ఉదయం 10:02

మాస్టారూ, నాకు బ్రిక్స్ అంటే తెలీదు గానీ పుల్లైస్ తెలుసు. చిన్నప్పుడు సైకిల్ మీద పెట్టెతో వచ్చేవాడి దగ్గర నారింజ రంగు పుల్లైస్ కొనుక్కుని గట్టిగా పీల్చేస్తే రంగూ తీపీ నోట్లోకి వచ్చేసి, పుల్లకి తెల్లటి చప్పటి మంచుగడ్డ మిగిలేది కదా. ఇదీ అదేనా?

బొబ్బిలి మాస్టారు
జనవరి 10, ఉదయం 10:10

అదేనమ్మా. నలభై ఏళ్లు నేను చెప్పలేకపోయింది నువ్వు రెండు ముక్కల్లో చెప్పావు.

నయాగరా చిన్నోడు
జనవరి 10, ఉదయం 11:45

ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన మొదటి చలికాలంలో ఒక రాత్రి ఈ ద్రాక్ష కోతకి వెళ్లాను. ఆ సంగతి చెప్తా.

నియమం ప్రకారం తీగమీదే ద్రాక్ష గడ్డ కట్టాలి, మైనస్ 8 లేదా అంతకన్నా చల్లగా ఉన్నప్పుడే కొయ్యాలి. జర్మనీలో మైనస్ 7. ఆ చలి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలీదు. డిసెంబరులో రావచ్చు, జనవరి దాటిపోవచ్చు. మాకు రాత్రి పదకొండింటికి కబురొచ్చింది, రెండింటికి తోటలో ఉన్నాం. తలకి లైటు, రెండు జతల చేతి తొడుగులు. పిట్టలు తినెయ్యకుండా తీగల చుట్టూ వల కట్టి ఉంటుంది. ఆ వల విప్పి గుత్తి తెంపి బుట్టలో వేస్తుంటే గోలీలు వేసినట్టు టకటకా శబ్దం. ఒక పండు నోట్లో పెట్టుకున్నాను. పళ్లు జివ్వుమన్నాయి, కాసేపటికి నాలిక మీద తేనె లాంటిది కరిగింది. గింజ చుట్టూ మాత్రం గట్టి మంచు.

తెల్లారి ఎండ రాకముందే అయిపోవాలి. కోసినవి గడ్డ కరక్కుండానే ప్రెస్‌లో వేసి పిండుతారు. మంచు ప్రెస్‌లోనే ఉండిపోతుంది, రసం మాత్రం సన్నటి దారంలా కారుతుంది. మామూలుగా వచ్చే రసంలో ఆరో వంతో ఏడో వంతో మాత్రమే వస్తుంది. ధర ఎందుకంతో ఆ దారం చూశాక నాకు అర్థమైంది. ఇప్పుడు పెద్ద తోటల్లో చాలామటుకు యంత్రాలే కోస్తాయి, మాది చిన్న తోట.

నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది మాత్రం మా ఇంట్లో జనవరిలో దుప్పటి కప్పుకుని "అబ్బ ఏం చలి" అనే నాన్న. అక్కడ పద్దెనిమిది డిగ్రీలు.

పలాస జీడి
జనవరి 10, మధ్యాహ్నం 12:20

అయితే లంబసింగిలో వేసేద్దాం తోట. అక్కడ మంచు పడుతుందంటారుగా.

నయాగరా చిన్నోడు
జనవరి 10, మధ్యాహ్నం 12:31

లంబసింగిలో సున్నా దగ్గరికి వచ్చిందంటేనే పేపర్లో వార్త. మైనస్ 8 గంటల తరబడి ఉండాలన్నా. తీపిగా ఉన్న పండు సున్నాకి గడ్డ కట్టదు కూడా. మన దేశంలో నాసిక్ వాళ్లు లేట్ హార్వెస్ట్ అని తియ్యటి వైన్ చేస్తారు, పండుని తీగమీద ఎక్కువ రోజులు ఉంచి. అది వేరే దారి.

సోంపేట సెయిలర్
జనవరి 10, సాయంత్రం 6:50

ఏటి బాబూ ఇంత కథ? పళ్లు కోసి డీప్ ఫ్రీజర్లో పడేస్తే సరిపోదా? నాను ఒక పోర్టు షాపులో కొన్నాను ఇలాంటిదే. సీసా మీద మంచు బొమ్మ, కింద ఐస్‌డ్ వైన్ అని. ఒరిజినల్ అని చెప్పి అంటగట్టాడు. మీరన్న ధరలో సగం కూడా కాలేదు. దాన్నీ కనుమకి పట్టుకొస్తా, పక్కపక్కన పెట్టి చూద్దాం. కవిటిలో మాకు మందు తాగడానికి జనం ఉన్నారు గానీ రుచి చూడ్డానికి లేరు.

నయాగరా చిన్నోడు
జనవరి 10, రాత్రి 8:15

ఐస్‌డ్ అని ఉందంటేనే అర్థమైంది మామా. ఇక్కడ ఐస్‌వైన్ అని ఒక్క మాటగా, వైన్ నాణ్యతకి ఇచ్చే వీక్యూఏ ముద్రతో ఉండాలి. ఫ్రీజర్‌లో గడ్డ కట్టించిన దానికి ఆ పేరు పెట్టనివ్వరు. కెనడాలోనే కాదు, జర్మనీ, ఆస్ట్రియాల్లోనూ అంతే. మంచు బొమ్మలు, శీతాకాలం పేర్లు పెట్టి అమ్ముతుంటారు. షాపువాడు మిమ్మల్ని మోసం చేశాడు గానీ సీసా మాత్రం అబద్ధం చెప్పలేదు.

సోంపేట సెయిలర్
జనవరి 10, రాత్రి 8:22

పేరు సంగతి సరే, రుచి సంగతి చెప్పు. గడ్డ గడ్డే కదా.

బొబ్బిలి మాస్టారు
జనవరి 11, ఉదయం 7:40

గడ్డ గడ్డే, నిజం. కానీ తీగమీదున్న పండు నెలల తరబడి కొంచెం గడ్డ కట్టి, కరిగి, మళ్లీ కట్టి, కొంత ఎండి, తొక్క ముదిరి ఒక దారికి వస్తుంది. సెప్టెంబరులో కోసి ఫ్రీజర్లో పెట్టిన పండుకి ఆ అనుభవం లేదు. పచ్చి మామిడిపండుని గడ్డిలో మగ్గబెట్టినదానికీ చెట్టున పండినదానికీ తేడా లేదంటావా? అయితే మగ్గబెట్టింది తినలేనంత చెడ్డదేం కాదు.

ఇంకో సంగతి. ఇంత తియ్యటి రసంలో ఈస్ట్ బతకడం కష్టం. ఆవకాయ ముక్క ఉప్పులో నీరు వదిలేసినట్టు ఈస్ట్ కణంలోంచి నీరు లాగేస్తుంది చక్కెర. అందుకే పులియడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆల్కహాల్ పది శాతం అటూఇటూ చేరేసరికి ఈస్ట్ అలిసిపోతుంది. మిగిలిన చక్కెర అలాగే ఉండిపోతుంది, లీటరుకి 200 గ్రాములు ఉండటం మామూలే. కూల్‌డ్రింక్‌లో ఉండేది నూరు పైచిలుకు. అంటే బాబు పొయ్యబోయే అరవై మి.లీ.లో పన్నెండు గ్రాములు, మూడు చెంచాల పంచదార. షుగర్ ఉన్నవాళ్లు పక్కవాళ్ల ముఖం చూసి ఆనందించండి. నేనదే చేస్తున్నాను.

రాజాం రాధ
జనవరి 12, సాయంత్రం 5:30

ఆగలేక నిన్న చేసి చూశాను. పులియబెట్టలేదు మోడరేటర్ గారూ, వట్టి రసమే.

కేజీ నల్లద్రాక్ష మిక్సీలో వేసి వడకట్టి స్టీలు టిఫిన్ డబ్బాలో పోసి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున్న ఆ గడ్డని టీ జల్లెడలో బోర్లించి కింద గిన్నె పెట్టాను. మొదట కారింది చిక్కటి ఊదారంగు. మూడో వంతు దిగగానే గిన్నె మార్చేశాను. పైన మిగిలిన గడ్డ లేత గులాబీ రంగుకి వచ్చేసింది, నాకితే నీళ్లు. మొదటి గిన్నెలో రసం ఒక చెంచా నోట్లో పెట్టుకుంటే తీపి నషాళానికంటింది. కానీ ఒక్క క్షణమే. తర్వాత వెగటు. మా చిన్నది "సిరప్‌లా ఉందమ్మా" అని వదిలేసింది.

వెగటు ఎందుకు వచ్చిందో ఆలోచిస్తుంటే రెండో గ్లాసులో అర చెక్క నిమ్మకాయ పిండాను. అంతే, మనిషి మారిపోయింది. ఇంకో చెంచా కావాలనిపించింది.

బొబ్బిలి మాస్టారు
జనవరి 12, సాయంత్రం 6:05

రాధమ్మా, మన బజారు ద్రాక్షలో పులుపు తక్కువ. విడాల్, రీస్లింగ్ చలిదేశపు పళ్లు, పులుపు బాగా ఉన్నవి. నువ్వు నిమ్మకాయతో చేసింది అక్కడ తీగే చేసి పెడుతుంది. మన భీమాలి మామిడి తాండ్ర చూడు. కొంచెం పులుపున్న రసంతో పోసిన తాండ్ర పొర పొర తినాలనిపిస్తుంది. వట్టి తీపి రసానికి పంచదార కలిపి పోసింది రెండు ముక్కలకే మొహం మొత్తుతుంది. తాండ్ర ఎండలో నీరు పోగొట్టుకుంటుంది, ఆ వైన్ చలిలో. రెండింటినీ నిలబెట్టేది పులుపే.

అరసవల్లి వాసి
జనవరి 12, రాత్రి 7:00

తాండ్ర దాకా వచ్చారు కాబట్టి చదువుతున్నాను. అసలిది ఎవరికి తట్టింది? గడ్డ కట్టిన పళ్లు పిండుదామని?

నయాగరా చిన్నోడు
జనవరి 12, రాత్రి 9:10

బాగా చెప్పుకునేది జర్మనీలో బింగెన్ దగ్గర డ్రోమర్స్‌హైమ్ అనే ఊరి కథ. 1829లో పంట బాగాలేదు. కొయ్యడం దండగని పళ్లు తీగలకే వదిలేశారు, చలికాలంలో పశువులకి మేతగా పనికొస్తాయని. 1830 ఫిబ్రవరిలో ఆ గడ్డకట్టిన పళ్లు చూస్తే రసం మహా తియ్యగా ఉంది. అప్పుడు పిండారు. అంటే పశువుల దాణా. మీరు కనుమ నాడు తెరవడం దానికి తగ్గట్టే ఉంది బాబు గారూ.

కెనడాకి పేరు తెచ్చింది నయాగరాలోని ఇన్నిస్‌కిలిన్ వాళ్లు. 1983లో పళ్లు ఉంచితే పిట్టలు తినేశాయి. మరుసటేడు వలలు కట్టి 1984 పంటతో చేశారు. 1989 విడాల్ సీసాకి 1991లో ఫ్రాన్స్‌లో విన్‌ఎక్స్‌పో అనే వైన్ మేళాలో పెద్ద బహుమతి వచ్చింది. అప్పటినుంచే లోకం ఇటు చూసింది. ఇప్పుడు జర్మనీ వాళ్లకే కష్టంగా ఉంది. 2019 పంటకి చలి చాలక దేశమంతా ఐస్‌వైన్ లేకుండా పోయిందని 2020 మార్చిలో ప్రకటించారు.

పలాస జీడి
జనవరి 13, ఉదయం 7:15

పశువుల మేతకి యాభై డాలర్లు.

దేనితో తినాలో ఎవరూ చెప్పలేదు. నా పేరు చూసైనా గుర్తురావాలి కదా. ఉప్పేసి వేయించిన జీడిపప్పు, గుండు పప్పే కావాలి. పార్సిల్ బస్సుకి ఇస్తాను.

నయాగరా చిన్నోడు
జనవరి 13, ఉదయం 8:00

జీడిపప్పు మంచి మాట. ఇక్కడ ఉప్పగా ఘాటుగా ఉండే నీలి బూజు చీజ్‌తో ఇస్తారు. ఉప్పు, కొవ్వు ఉంటే చాలు. ఒక్కటే జాగ్రత్త: వైన్ కన్నా తియ్యటిది పక్కన పెట్టకండి.

గంటస్తంభం బాబు
జనవరి 17, రాత్రి 10:15

ఆలస్యమైంది, క్షమించాలి. పండగ అలసట. మొత్తం చెప్తాను.

కార్కు సగంలో విరిగింది. మిగతాది లోపలికి పోయి పొడిపొడి అయింది. టీ జల్లెడ పెట్టి గాజు జగ్గులోకి వంచాం. రంగు రాగి చెంబు తోమాక ఉండేలా. బావ సీసా చూసి "ఇదింకా ఉందా?" అన్నాడు తప్ప ఇంకేం అనలేదు. వాసన చూస్తే ఎండు ఖర్జూరం, నారింజ తొక్క, ఎక్కడో తాటిబెల్లం. బావ మాత్రం "కొత్తగా ఉన్నప్పుడు మామిడిపండు, లిచీ వాసన ఉండాల్రా, అది పోయింది" అని ఒప్పించాడు. నోట్లో పెట్టుకుంటే ముందు తీపి ఒక దెబ్బ కొట్టింది, వెనకాలే పులుపు వచ్చి నాలిక తుడిచేసింది. మింగాక కూడా చాలాసేపు ఉంది. పాడవలేదు, ముసలిదైంది అంతే.

ఇక తప్పు. చిన్నోడు చెప్పిందంతా చదివి కూడా అక్క పళ్లెంలో అరిసెలు పెట్టేసింది, నేనూ ఆపలేదు. అరిసె కొరికి ఒక గుక్క తాగితే నిమ్మరసం నీళ్లు తాగినట్టుంది. తీపంతా ఎక్కడికి పోయిందో! మామయ్య గ్లాసు పక్కన పెట్టేసి "దీనికా ఇంత హడావుడి" అన్నారు. నా గుండె జారింది. నీళ్లు తాగించి, అమ్మ అప్పుడే తీసిన మినప గారె ఇచ్చి మళ్లీ పోశాం. ఈసారి మామయ్య ఏం మాట్లాడలేదు. గ్లాసు ముందుకి జరిపారు. జీడిపప్పుతో ఇంకా బావుంది. పలాస అన్నా, పప్పు ముందు అయిపోయింది, వైన్ తర్వాత. పచ్చిమిర్చి వేసిన గారెకి కూడా భలే కుదిరింది, కారాన్ని తీపి చల్లార్చింది.

సెయిలర్ గారి సీసా కూడా తెరిచాం. లేత రంగు, మంచి పండు వాసన, తాగడానికి హాయిగా ఉంది. కానీ మూడో గుక్కకి పలచబడింది, మింగగానే అయిపోయింది. అబద్ధమెందుకు, ఆరుగురిలో ముగ్గురు దానికే ఓటేశారు. మామయ్య అందులో సోడా కూడా కలిపారు.

సోంపేట సెయిలర్
జనవరి 17, రాత్రి 10:40

మూడుకి మూడు, గమనించాలి. నాను మాత్రం బాబు సీసాకే వేశాను, నా సీసాకి కాదు. చిన్నోడా, ఈసారి అటేపు ఓడ వస్తే నీకు కబురెడతా, ముద్ర ఉన్నది కొనిపెట్టు.

రాజాం రాధ
జనవరి 18, ఉదయం 9:00

తాండ్రతో ఎవరూ తినలేదా?

గంటస్తంభం బాబు
జనవరి 18, ఉదయం 9:25

తిన్నాం. భీమాలిదే. పుల్లటి ముక్కతో రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి, కానీ ఏది ఏదో తెలియకుండా కలిసిపోయాయి. విడివిడిగానే మేలు.

బొబ్బిలి మాస్టారు
జనవరి 18, ఉదయం 9:50

బాబూ, జగ్గులో ఏమైనా మిగిలిందా? తీపి కొలిచే నా పాత రిఫ్రాక్టోమీటర్ ఇంకా పనిచేస్తోంది. ఆల్కహాల్ ఉంటే అది సరైన లెక్క చూపించదు, తెలుసు. అయినా ఒకసారి అద్దం మీద చుక్క వేసి చూడాలని ఉంది.

గంటస్తంభం బాబు
జనవరి 18, ఉదయం 10:05

రెండు చెంచాలుంటుంది మాస్టారూ, ఫ్రిజ్‌లోనే ఉంది. ఆదివారం బొబ్బిలిలో పెళ్లికి వస్తున్నాను. హోమియో మందు సీసాలో పోసి తెస్తాను.

బొబ్బిలి మాస్టారు
జనవరి 18, ఉదయం 10:08

సీసా బాగా కడుగు, కర్పూరం వాసన ఉంటుంది. రెండు చుక్కలు ఎక్కువ తే. ఒకటి అద్దానికి, ఒకటి మా ఆవిడ చూడనప్పుడు నాలిక్కి.